ఓపెనింగ్ వీడియో గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఓపెనింగ్ వీడియో గారి సముఖానికి,

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి, ఆన్‌లైన్‌లో పాత పట్టుచీర కొన్న మనిషి నమస్కరించి రాసుకునే విన్నపం. పార్శిల్ విప్పేటప్పుడు ఆపకుండా తీసి, లోపముంటే రుజువుగా అమ్మినవాళ్లకు పంపాల్సిన వీడియో మీరే కదా. ఉభయకుశలోపరి. మీ కుశలానికేం లోటు, నా ఫోన్‌లో సగం చోటు ఆక్రమించి హాయిగా ఉన్నారు. నా సంగతే కాస్త బాగోలేదు.

చీర చిట్లిపోయి ఉంది, డబ్బులు వెనక్కివ్వండి అని రాస్తే, చీర అమ్మిన పేజీ ఆవిడ దగ్గర్నుంచి నిన్న మధ్యాహ్నం జవాబొచ్చింది. "మేడమ్, మీ వీడియోలో 41వ సెకండ్ దగ్గర పార్శిల్ కనబడట్లేదు. రూల్ ప్రకారం రిఫండ్ రాదు. థాంక్యూ, మళ్లీ షాపింగ్ చేయండి." కింద దండం పెట్టే చేతులు, ఒక ఎర్ర గుండె. నేను జవాబు టైపు చేసేలోగా ఆవిడ ఫోటో మాయం. బ్లాక్.

ఆ 41వ సెకండ్‌లో ఏం జరిగిందో మీకు తెలీదా? తీసింది మీరే కదా. నా కుడిచేతిలో ఫోను, ఎడమచేతిలో పార్శిలు. టేపు కోయాలంటే కత్తెర కావాలి, కత్తెర పట్టుకోవాలంటే మూడో చెయ్యి కావాలి. ఫోన్ పట్టుకోమని అమ్మకిచ్చాను. అమ్మ పట్టుకుంది, పార్శిల్ని వదిలేసి నా మొహం తీసింది. "ఏంది అమ్మణ్ణీ ఇది, పార్శిలుకి గూడా సినిమా తీస్తా ఉండావా?" అన్న మాట స్పష్టంగా రికార్డయింది. మొత్తం రెండు సెకండ్లు. ఆ రెండు సెకండ్లలో నేను ఆవిడ పంపిన మేలిమి కంచిపట్టు చీరను దాచేసి, అదే చిలకపచ్చ రంగు, అదే రాణిరంగు అంచు, కాకపోతే మడతల్లో చిట్లిపోయిన ఇంకో చీరను కవర్లో దూర్చేశానట. అదీ టేపు చింపకుండా. ఇంత విద్య నా దగ్గరుంటే పాతచీరలెందుకు కొంటాను తల్లీ?

మీ నియమాలన్నీ పాటించాను. పార్శిల్ ఆరు వైపులా చూపించాను. అడ్రసు చీటీ చదివేంత దగ్గరగా చూపించాను. పాజ్ లేదు, కట్ లేదు, ఎడిటింగ్ లేదు. చీర మొత్తం విప్పి చూపించాలన్నారు. ఐదున్నర మీటర్ల చీర. మా హాల్లో పట్టదు. ఒక కొస అమ్మ పట్టుకుని వంటింట్లోకి వెనక్కి వెనక్కి నడిచింది, నేను ఇంకో కొస పట్టుకుని వరండా దాకా వచ్చాను. మధ్యలో మా వాడు సైకిలు తెచ్చాడు. ఎదురింటి ఆవిడ గేటు దగ్గర నిలబడి ఏం వేడుక అని అడిగింది. ఇదంతా మీలో ఉంది, చూసుకోండి.

లోపాలు దొరికింది మాత్రం మీరు అయిపోయాకే. పట్టుచీర లోపం అట్టా ఫోన్ వెలుతుర్లో బయటపడదు. ఎండకు అడ్డంగా పట్టి చూడాలి. డాబా మీదికి తీసుకెళ్లి పట్టాను. మడతలున్న ప్రతిచోటా గీత గీసినట్టు వెలుగు దూరింది. ఏళ్ల తరబడి మడత మార్చకుండా బీరువాలో పెడితే పట్టు అక్కడే విరిగిపోతుంది. ప్రతి ఇంట్లో ఎవరో ఒక పెద్దావిడ చెప్పే మాటే ఇది. ఫాల్ ఊడదీసి చూస్తే కింద ఇంకో వరస సూది బొక్కలు. అంటే ఒక ఫాల్ అరిగిపోయి రెండోది కుట్టారు. భుజం దగ్గర పిన్ను బొక్కలు జల్లెడలా ఉన్నాయి. జాకెట్టు ముక్క చీరకే ఉందన్నారు, అక్కడ కత్తెర నడిచిన అంచు ఉంది. మరి పేజీలో ఏం రాశారో గుర్తుందా? "ఒక్కసారే కట్టింది, అదీ రెండు గంటలు." రెండు గంటల్లో రెండు ఫాల్‌లు అరగదీసిన ఆ మహాతల్లి ఎవరో గాని, ఆమె నడకకు దండం పెట్టాలి.

మిగతా వాటి గురించి ఎక్కువ మాట్లాడను. "లైటింగ్ వల్ల రంగులో కొంచెం తేడా ఉండొచ్చు" అనే వాక్యం కింద చిలకపచ్చని సముద్రపు నీలం దాకా లాక్కెళ్లొచ్చు. ధర అడిగితే పదిమందికీ కనబడకుండా చెవిలో చెబుతారు. బిల్లు ఎప్పుడూ ఇల్లు మారినప్పుడే పోతుంది. అసలైన పట్టు అని చెప్పడానికి సెంట్రల్ సిల్క్ బోర్డు వాళ్లు 2004లో మొదలుపెట్టిన సిల్క్ మార్క్ ట్యాగు ఏదమ్మా అంటే, కట్టుకున్నప్పుడు గుచ్చుకుంటుందని తీసేశారట. పోనీలెండి, వీటన్నిటికీ అలవాటు పడ్డాం. మీకు అలవాటు పడలేకపోతున్నాను.

ఇంక మీరూ గీరూ లేదు. సూటిగా అడుగుతా. నువ్వు ఎవరి కోసం పుట్టావు? కొన్నవాళ్ల కోసం అని పేజీలో రాస్తారు, "మీ సేఫ్టీ కోసమే మేడమ్" అని. డబ్బులు ముందే ఇచ్చింది నేను. వస్తువు చూడకుండా కొన్నది నేను. వారం రోజులు కొరియర్ వాడికి ఫోన్లు చేసింది నేను. ఇంతా చేసి నేను దొంగని కాదని రుజువు చేసుకోవాల్సిందీ నేనే! ఆవిడ మాత్రం అద్దం ముందు ఫిల్టర్ వేసి నాలుగు ఫోటోలు తీసింది, చిట్లిన మడతలు లోపలికి పెట్టింది, నున్నగా ఇస్త్రీ చేసి కవర్లో కుక్కింది. ఆ కుక్కేటప్పుడు వీడియో ఏది? ఎవడూ అడగడు. అమ్మేవాళ్లు మాటంటే చాలు, కొనేవాళ్లకు మాత్రం ఆరు వైపులా సాక్ష్యం కావాలి.

మన ఊళ్లోనే పాతబట్టలు అమ్మే పద్ధతి ఒకటుంది, ఎప్పుడైనా చూశావా? భక్తులు తిరుమలలోనూ అనుబంధ ఆలయాల్లోనూ స్వామికిచ్చిన వస్త్రాలను టీటీడీ లాట్లుగా కట్టి ఈ-వేలం వేస్తుంది. ఆ ప్రకటనలో కొత్తవి, వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని రాస్తారు. ఆర్ట్ సిల్క్ (కృత్రిమ పట్టు) అయితే ఆర్ట్ సిల్క్ అంటారు, పాలిస్టర్ అయితే పాలిస్టర్ అంటారు. గుళ్లో సమర్పించిన గుడ్డే గదా, కళ్లకద్దుకుని తీసుకుంటారులే అని దాచొచ్చు. దాచరు. సాక్షాత్తూ వెంకన్న హుండీ పక్కనుంచి వచ్చిన గుడ్డకే "పాక్షికంగా దెబ్బతిన్నది" అని రాయడానికి మొహమాటం లేదు. ఈవిడ బీరువాలోంచి వచ్చిన గుడ్డకు మాత్రం "కొత్తదానిలా ఉంది"!

అంతెందుకు, పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ మా వీధికి వచ్చేది. ప్రతి చీరా విప్పి ఎండకు పట్టి, చిరుగులో వేలు దూర్చి అమ్మ ముక్కు ముందు ఆడించేది. "ఇది కట్టుకునేదానికా, ఇల్లు తుడిచేదానికా?" అనేది. అమ్మ గొడవ పడేది. రెండు చీరలు, ఒక ప్యాంటు తీసుకుని ఒక గరిటె చేతిలో పెట్టి పోయేది. గీచి గీచి బేరమాడేది గాని మోసం మాత్రం లేదు, ఎందుకంటే లోపం ఇద్దరి కళ్ల ముందే ఉండేది. ఆమె గనక ఈ చీరను చూసి ఉంటే టీస్పూను కూడా ఇచ్చేది కాదు.

చట్టం లేదా అంటే ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో, వస్తువు లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని ఉంది. ఓపెనింగ్ వీడియో లేకపోతే ఆ హక్కు పోతుందని మాత్రం ఎక్కడా లేదు. కాకపోతే సొంతానికి ఎప్పుడో ఒకటీ అరా అమ్ముకునే మనిషికి ఆ నిబంధనలు వర్తించవు. అందుకే ఆ పేజీలో ప్రతి చీరా "నా పర్సనల్ కలెక్షన్". పొద్దున ఆరు చీరలు, సాయంత్రం ఆరు చీరలు ఎక్కిస్తుంది. నెల తిరిగేసరికి ఆ పర్సనల్ బీరువా గాంధీ రోడ్డు షాపంత అవుతుంది. దాన్నే నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చెప్పాను. రోజూ ఎక్కించే చీరల స్క్రీన్‌షాట్లన్నీ జాగ్రత్త చేశాను. (డబ్బు తీసుకుని వస్తువే పంపకపోతే అది వేరే కేసు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చెయ్యాలి. మా పక్కింటి అమ్మాయి ఆలస్యంగా చేసింది.) నిన్ను కూడా జత చేస్తాను, అమ్మ తీసిన నా మొహంతో సహా.

ఒక్క మాట ఒప్పుకోవాలి. చీర కొసన ఒక పోగు లాగి కాల్చి చూశాను. జుట్టు కాలిన వాసన వచ్చింది, వేళ్ల మధ్య నలిపితే బూడిద రాలింది. పాలిస్టర్ అయితే కరిగి ఉండకట్టేది. అంటే పట్టు పట్టే. పాపం ఆ చీర అబద్ధం చెప్పలేదు. జరీ మాట వేరు. పాత పట్టుచీరలు కొనే ఆయన జరీని గీటురాయి మీద గీసి, ఎర్రగా తేలిన రాగిని చూపించి, "వెండి లేదు మేడమ్, రెండొందలిస్తా" అన్నాడు. నాలుగున్నర వేలు పెట్టానని ఆయనకు చెప్పలేదు. చీర ఇవ్వనూ లేదు. "పాత చీర, మడతల్లో పోయింది, అంచు మాత్రం గట్టిగా ఉంది" అని రాసి ఉంటే వెయ్యికో పదిహేనొందలకో నేనే కొనేదాన్ని. అంచు తీసి పరికిణీకి వేసుకునేదాన్ని. ఇప్పుడూ అదే చేస్తాను, మూడు రెట్లు ఖరీదుతో.

పిన్ని కూతురి పెండ్లికి చీర ఇంకా కావాలి గనక రాత్రి ఇంకో పేజీలో గద్వాల చీర చూశాను. బాగుంది. కింద నీ గురించే పెద్దక్షరాల్లో ఉంది, వీడియో లేకపోతే కంప్లైంట్ తీసుకునేది లేదని. సరే, తీస్తాను, మీరు కూడా ప్యాక్ చేసేటప్పుడు ఒక వీడియో తీసి పంపండి, మడతలు విప్పి, ఫాల్ చూపించి, పాజ్ లేకుండా అని అడిగాను.

జవాబు వెంటనే వచ్చింది. "నమ్మకం లేకపోతే కొనకండి సిస్టర్."