బ్యాక్టీరియాకి రంగు దేనికి?

వాదానికి పెట్టుకున్న విషయం ఇది: మన చర్మం మీద బతికే బ్యాక్టీరియా తయారుచేసే రంగులు వాటికి నిజంగా పనికొస్తాయా, లేక లోపల జరిగే రసాయన పనుల్లో మిగిలిపోయిన సరుకా? పనికొస్తాయనే పక్షాన చర్మవ్యాధుల డాక్టరు శారద. కాదనే పక్షాన, ఒకప్పుడు ఆమెకు మైక్రోబయాలజీ చెప్పిన మాస్టారు.

శారద: అందరికీ తెలిసినదాంతోనే మొదలుపెడతాను మాస్టారూ. స్టాఫిలోకాకస్ ఆరియస్. 1884లో రోజెన్‌బాక్ అనే జర్మన్ డాక్టరు ఈ గుండ్రటి బ్యాక్టీరియాని రంగును బట్టే రెండుగా విడదీశాడు. బంగారు రంగులో పెరిగేది ఆరియస్, తెల్లగా పెరిగేది ఆల్బస్. ఆ రెండింట్లో ఎక్కువ ప్రమాదకరమైనది బంగారు రంగుదే. ఇదేదో కాకతాళీయంగా జరిగిందంటారా?

మాస్టారు: ప్రమాదకరమైనదానికి బంగారు రంగు ఉన్నంత మాత్రాన ప్రమాదం రంగువల్లే వచ్చిందని కాదమ్మా. దానికి రక్తంలో ద్రవాన్ని గడ్డకట్టించే ఎంజైమ్ ఉంది. మన కణాల పొరకు చిల్లులు పెట్టే విషాలున్నాయి. అవన్నీ వదిలేసి రంగు దగ్గరే ఆగిపోతావేం?

శారద: ఆగలేదు. మిగతావన్నీ అలాగే ఉంచి, రంగు ఒక్కటీ తీసేసి చూసినవాళ్లున్నారు. 2005లో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ పని చేశారు. ఆ బంగారు రంగు పదార్థం పేరు స్టాఫిలోజాంథిన్, క్యారెట్ రంగు కుటుంబానికే చెందిన కెరోటినాయిడ్. దాన్ని తయారుచేసే జన్యువుల్లో ఒకదాన్ని పనిచేయకుండా చేశారు. మన తెల్ల రక్తకణం బ్యాక్టీరియాని మింగాక ఊరుకోదు కదా, హైడ్రోజన్ పెరాక్సైడ్, బ్లీచింగ్ చేసే రసాయనాలు దాని మీద కుమ్మరిస్తుంది. రంగున్న బ్యాక్టీరియా ఆ దాడిని తట్టుకుంది, రంగు పోయింది తేలిగ్గా చచ్చింది. ఎలుకల చర్మం కింద ఎక్కిస్తే, రంగులేనిది చేసిన పుండు చిన్నది.

మాస్టారు: జన్యువు తీసేస్తే రంగుతో పాటు ఇంకేదైనా దెబ్బతిని ఉండొచ్చుగా.

శారద: ఆ అనుమానం వాళ్లకీ వచ్చింది. అందుకే ఎదురు ప్రయోగం కూడా చేశారు. రంగు తయారీకి కావలసిన జన్యువుల్ని తీసుకెళ్లి వేరే బ్యాక్టీరియాలో, స్ట్రెప్టోకాకస్‌లో పెట్టారు. అది పసుపు పచ్చగా మారింది, తెల్ల రక్తకణాల చేతిలో ఎక్కువసేపు బతికింది, ఎలుకల్లో పెద్ద పుండ్లు చేసింది. ఇంకోటి. తెల్ల రక్తకణాల్లో ఆ ఆక్సీకరణ దాడి చేసే ఎంజైమే లోపించినచోట, రంగుందా లేదా అన్నదాంతో తేడా రాలేదు. దాడి లేకపోతే రంగుతో అవసరమూ లేదు. అంతకంటే రుజువేం కావాలి?

(చేర్చినప్పుడు బలం వచ్చింది, తీసేసినప్పుడు పోయింది. రెండువైపులా సరిపోయిన ప్రయోగాన్ని కొట్టిపారేయడం కష్టం. మాస్టారు కూడా దాన్ని కొట్టిపారేయలేదు, దారి మార్చారు.)

మాస్టారు: సరే, చీములో జరిగే యుద్ధంలో పనికొస్తుందని ఒప్పుకుంటా. కానీ మనం మాట్లాడుకునేది చర్మం మీద రోజూ ఉండే కాపురం గురించి. ఆరియస్ సుమారు మూడోవంతు మంది ముక్కుల్లో ఏ గొడవా చెయ్యకుండా ఉంటుంది. నీ రోజెన్‌బాక్ ఆల్బస్ అన్నదాన్ని ఇప్పుడు ఎపిడర్మిడిస్ అంటున్నాం. అది దాదాపు అందరి చర్మం మీదా ఉంటుంది, ఆరియస్ కంటే ఎంతో స్థిరంగా. దానికి రంగే లేదు! చర్మం మీద బతకడానికి రంగు అవసరమైతే అందరికంటే బాగా బతికేది తెల్లగా ఎందుకుంది? ఇంకా చెప్పనా, 2015లో స్టాఫిలోకాకస్ అర్జెంటియస్ అని వేరే జాతిని గుర్తించారు. ఆరియస్‌కి దగ్గర చుట్టం, ఉత్తర ఆస్ట్రేలియాలో బాగా కనబడుతుంది. స్టాఫిలోజాంథిన్ తయారుచేసే జన్యువులే దానికి లేవు, ల్యాబ్‌లో పెంచితే కనబడే దాని గుంపులు, అంటే కాలనీలు, తెల్లగా ఉంటాయి. అయినా చర్మానికి జబ్బు చేస్తుంది, రక్తంలోకీ పోతుంది.

శారద: ఒక ఆయుధం లేనివాడు ఇంకో ఆయుధంతో కొట్టొచ్చు. అర్జెంటియస్ రంగు లేకుండా బతికిందంటే ఆరియస్‌కి ఆ రంగు దండగ అని ఎలా అవుతుంది?

మాస్టారు: దండగ అనలేదు, తప్పనిసరి కాదంటున్నా. పైగా గాలి తగలకుండా పెంచితే ఆరియస్ కూడా ఆ రంగు పూర్తిగా తయారుచెయ్యలేదు. తయారీలో కొన్ని మెట్లకు ఆక్సిజన్ కావాలి. చర్మం లోతుల్లో, వెంట్రుకల కుదుళ్లలో ఆక్సిజన్ ఎంతుంటుంది?

శారద: తక్కువే. కానీ తెల్ల రక్తకణం కుమ్మరించే పెరాక్సైడ్ తయారయ్యేది కూడా ఆక్సిజన్ నుంచే కదా మాస్టారూ. దాడి ఎక్కడ సాధ్యమో రక్షణ కూడా అక్కడే తయారవుతోంది.

మాస్టారు: బావుంది. అయితే పసుపు రంగుదాన్ని ఇంకోదాన్ని తీసుకో. మైక్రోకాకస్ లూటియస్. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్, 1922లో లైసోజైమ్ అనే ఎంజైమ్ సంగతి బయటపెట్టింది ఈ రకం బ్యాక్టీరియాతోనే. అతని ముక్కులోంచి తీసిన చీమిడి తగిలినచోట పచ్చటి కాలనీలు కరిగిపోయాయి. చూశావా, ఇంత పసుపు రంగు ఉండీ చీమిడికే లొంగిపోయింది!

శారద: లైసోజైమ్ కోసేది బ్యాక్టీరియా గోడని. రంగు ఉండేది లోపలి పొరలో. అది ఆక్సీకరణను అడ్డుకుంటుంది గానీ గోడ కోసే ఎంజైమ్‌ని అడ్డుకుంటుందని ఎవరన్నారు? లూటియస్ ఎండ తగిలే చోట్ల ఉంటుంది. దాని రంగు యాభై కార్బన్ల కెరోటినాయిడ్, నీలి కాంతిని పీల్చుకుంటుంది.

మాస్టారు: అది మట్టిలో, నీళ్లలో, దుమ్ములో కూడా ఉంటుంది. ఎండ దెబ్బ అక్కడ తిని రంగు నేర్చుకుందేమో. మన చర్మం కోసమే తయారైన రంగని నువ్వు చెప్పలేవు.

(ఇది మాస్టారు పక్షంలో చాలామంది పట్టించుకోని మంచి పాయింటు. శారద దీనికి సూటిగా జవాబివ్వలేదు.)

శారద: గోరు పచ్చబడే జబ్బు ఉంది కదా, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేసేది. దాని నీలిపచ్చ రంగు, పయోసయానిన్, పక్క సూక్ష్మజీవుల్లో ఎలక్ట్రాన్లను దారి మళ్లించి పెరాక్సైడ్ పుట్టిస్తుంది. అదైనా ఆయుధమేనా?

మాస్టారు: ఆయుధమే. కానీ సూడోమోనాస్ చర్మానికి అతిథి, తడి ఎక్కువైనప్పుడు వచ్చిపోతుంది. కాపురం ఉండేదాన్ని చూపించు. నేనే చూపిస్తా. క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్. నూనెగ్రంథుల్లో ఉంటుంది, మొటిమల్లో దాని చెయ్యి ఉంది. నువ్వు రోజూ వాడే అతినీలలోహిత దీపం, వుడ్స్ లాంప్ కింద మొహం మీద నారింజ ఎరుపు చుక్కలు మెరుస్తాయే, అవి దాని పోర్ఫిరిన్లు. హీమ్ అనే ఇనుమున్న పదార్థం తయారీ దారిలో మధ్య సరుకు. పొయ్యి మీద పాలు పొంగినట్టు ఎక్కువై బయటికొస్తుంది. దాంతో బ్యాక్టీరియాకి ఏం లాభం? 415 నానోమీటర్ల చుట్టుపక్కల నీలి కాంతి పడితే ఆ పోర్ఫిరిన్లే చురుకైన ఆక్సిజన్ పుట్టించి, తయారుచేసుకున్న బ్యాక్టీరియానే చంపేస్తాయి. మీ క్లినిక్‌లో మొటిమలకు ఆ లైటు పెట్టేది అందుకేగా?

శారద: అందుకే. కానీ నూనెగ్రంథి అడుగున అంత నీలి కాంతి ఎక్కడిది? అక్కడ పోర్ఫిరిన్ బ్యాక్టీరియాకి హాని చెయ్యదు. వాపు రేపి హాని చేసేది మనకే. 2015లో లాస్ ఏంజెలిస్ పరిశోధకులు కొందరికి విటమిన్ బి12 ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. బి12 బయటినుంచి దొరికేసరికి ఆ బ్యాక్టీరియా సొంత తయారీ తగ్గించుకుంది, పోర్ఫిరిన్ తయారీ పెరిగే దారి పడింది. మొటిమలు లేని పదిమందిలో ఒకరికి వారంలో మొటిమలొచ్చాయి.

మాస్టారు: నా మాటే నువ్వు చెబుతున్నావ్! బి12కీ పోర్ఫిరిన్‌కీ ముడిసరుకు ఒక్కటే. ఒక దారి మూస్తే సరుకు ఇంకో దారిన పోయింది. ఇందులో బ్యాక్టీరియా ఉద్దేశం ఎక్కడుంది? అదీగాక పదిమందిలో ఒకరంటే ఒక ఆధారమే గానీ తీర్పు కాదు.

శారద: పదిమంది తక్కువే, ఒప్పుకుంటా. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద కనిపించే కొన్ని రకాల్లో పోర్ఫిరిన్ తయారీని అణిచే జన్యువు ఉంది, అవి తక్కువే చేస్తాయి. మొటిమలతో ముడిపడిన రకాల్లో అది లేదు, ఎక్కువ చేస్తాయి. మిగిలిపోయిన సరుకే అయితే దానికో కంట్రోల్ ఎందుకు?

మాస్టారు: ఊరికే పోయే సరుకును అరికట్టడానికే. అణిచే జన్యువు ఉండడం సరుకు దండగని చెప్పడానికి ఆధారం గానీ, పనికొస్తుందనడానికి కాదు.

శారద: సరే, పోర్ఫిరిన్ విషయంలో మీ మాట బలంగా ఉంది. గజ్జల్లో, చంకల్లో వచ్చే ఎరిత్రాస్మా అనే చర్మవ్యాధి కూడా అంతే అనుకుంటా. దాన్ని తెచ్చే కొరినీబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా పోర్ఫిరిన్ ఆ లాంపు కింద పగడం రంగులో మెరుస్తుంది, పేషెంట్ అప్పుడే స్నానం చేసివస్తే నీళ్లలో కరిగిపోయి కనబడదు. కానీ కెరోటినాయిడ్ దగ్గర వెనక్కి తగ్గను. ఆరియస్ రంగు తయారీలో మొదటి ఎంజైమ్, మన కొలెస్ట్రాల్ తయారీలో ఉండే ఎంజైమ్‌ని పోలి ఉంటుంది. అందుకే 2008లో కొలెస్ట్రాల్ తగ్గించడానికి తయారుచేసిన ఒక మందును దానిమీద పెట్టి చూశారు. ఆరియస్ తెల్లబడింది, ఎలుకల్లో దాని సంఖ్య తగ్గింది. బ్యాక్టీరియాని నేరుగా చంపకుండా, మన రక్తకణాల చేతికి అప్పగించడం. మనుషుల్లో కూడా పనిచేస్తే యాంటీబయాటిక్‌కి లొంగనివాటి మీద ఇది వాడుకోవచ్చు.

మాస్టారు: అర్జెంటియస్‌ని మర్చిపోయావ్. రంగు లేకుండానే రక్తంలోకి పోయేదాని మీద ఆ మందు ఏం చేస్తుంది?

శారద: ఏమీ చెయ్యదు. అందుకే అలాంటి మందు వస్తే, మొదలుపెట్టే ముందు ల్యాబ్‌లో కాలనీ రంగొక్కటే చూస్తే సరిపోదు, బ్యాక్టీరియాలో రంగు జన్యువులు ఉన్నాయో లేవో చూడాలి. అవి ఉన్న బ్యాక్టీరియా సోకినవాళ్లకి ఇస్తాను, లేనిది సోకినవాళ్లకి ఇవ్వను.

మాస్టారు: ముక్కులో ఊరికే మోస్తున్నవాళ్లకి?

శారద: వాళ్లకి ఎందుకిస్తాను మాస్టారూ? పుండు దాకా వచ్చినప్పుడే.