పప్పులో సోయికూర వేరు, సీసాలో సోయికూర వేరు

మా అక్కకు కాన్పయిన మూడో వారం. సాయంత్రం ఆరు దాటితే చాలు, బిడ్డ కాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చేవాడు. ఒక్కోరోజు రెండు గంటలు, ఒక్కోరోజు మూడు గంటలు. ఇంట్లో అందరికీ టెన్షన్. పక్కింటి పెద్దావిడ వచ్చి, "కడుపునొప్పేనమ్మా, ఓ చెంచా గ్రైప్ వాటర్ పట్టండి, మా పిల్లలందరికీ అదే పట్టాం" అంది. అమ్మ అప్పటికే సీసా తెప్పించింది. దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పట్టీ చదివితే అందులో ఒకటి డిల్ ఆయిల్. అంటే సోయికూర గింజల నూనె.

అప్పటి నుంచి ఈ మొక్క గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. కూరగా సోయికూర చాలా మంచిది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ ఆకుకున్న మంచి పేరును గింజల కషాయానికి, నూనెకు, పసిపిల్లల సీసాకు కూడా మనం అలాగే అంటగట్టేశాం. ఆకు మంచిదైతే నూనె కూడా మంచిదే అయ్యుండాలన్న ఈ నమ్మకమే నన్ను భయపెడుతోంది.

కోస్తాలో చాలామందికి ఈ కూర అంతగా తెలియదు. హైదరాబాద్ మార్కెట్లలో 'సోయా' అని కట్టలు కట్టి అమ్ముతారు. సోయాచిక్కుడుకూ దీనికీ సంబంధం లేదు. పెసరపప్పులో వేస్తారు, మెంతికూరతో కలిపి ఖీమాలో వండుతారు. కర్ణాటక అంచున హిందూపురం, మడకశిర వైపు వెళ్తే కన్నడవాళ్ల 'సబ్బసిగె' పేరు వినిపిస్తుంది. బియ్యప్పిండి రొట్టెల్లో, వడల్లో ఈ ఆకు తరిగి కలుపుతారు, ఆ వాసనకు ఒకసారి అలవాటుపడితే వదలడం కష్టం. సంస్కృతంలో శతపుష్ప. కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు, క్యారెట్ అన్నీ దీని కుటుంబమే. ఆకు, గింజ రెండూ సోంపును పోలి ఉంటాయి కాబట్టి మందుగా కొనేవాళ్లు ఒకదానికి బదులు ఒకటి తెచ్చుకునే వీలు కూడా ఎక్కువే.

మళ్లీ సీసా దగ్గరికి వస్తాను. గ్రైప్ వాటర్ మన అమ్మమ్మల వైద్యం అనుకుంటాం కానీ అది పుట్టింది 1851లో, ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో. విలియం వుడ్‌వర్డ్ అనే మందుల తయారీదారు దాన్ని తయారుచేశాడు. తూర్పు ఇంగ్లండ్ చిత్తడి ప్రాంతాల్లో మలేరియా లాంటి జ్వరం వచ్చిన పసిపిల్లలకు ఇచ్చే ఒక మందు వాళ్ల ఏడుపును కూడా తగ్గిస్తోందని గమనించి, దాని ఆధారంగా డిల్ నూనె, వంటసోడా, చక్కెర, నీళ్లు, ఆల్కహాల్ కలిపాడు. 1876లో ఆ పేరు ట్రేడ్‌మార్క్ అయింది. అందులో ఆల్కహాల్ 3.6 శాతం. ఆ సీసా మీద శతాబ్దానికి పైగా తల్లులు పెట్టుకున్న నమ్మకంలో ఆ ఆల్కహాల్ మత్తుకూ, చక్కెర తీపికీ ఎంత వాటా ఉందో, డిల్ నూనెకు ఎంత వాటా ఉందో ఆలోచించాలి. బ్రిటన్‌లో ఆల్కహాల్‌ను 1992లో తీసేశారు. ఇప్పుడు మన దగ్గర దొరికే ప్రధాన బ్రాండ్లు కూడా ఆల్కహాల్ లేదనే చెబుతాయి. సీసా పేరు మాత్రం పాతదే, దాని మీద నమ్మకమూ పాతదే.

పిల్లల ఏడుపుకు ఒక పద్ధతి ఉంది. ఆరోగ్యంగా, పాలు బాగా తాగే బిడ్డ రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, 3 వారాల పాటు ఏడిస్తే దాన్ని కోలిక్ అనాలని 1954లో అమెరికా డాక్టర్లు ఒక కొలత పెట్టారు. రెండో మూడో వారంలో మొదలై, ఆరో వారం ప్రాంతంలో బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గిపోతుంది. ఆరో వారంలో, ఇక తట్టుకోలేని స్థితిలో మనం సీసా మూత తీస్తాం. ఆ తర్వాత ఏడుపు ఎలాగూ తగ్గాల్సిందే. తగ్గగానే ఆ ఘనత సీసాకు వెళ్తుంది. ఆ తల్లే పాతికేళ్ల తర్వాత తన కూతురికి అదే సీసా సిఫారసు చేస్తుంది. మా పక్కింటావిడ అబద్ధం చెప్పలేదు, ఆమె చూసింది ఆమె చెప్పింది.

దక్షిణ భారతంలోని ఒక బోధనాసుపత్రికి వచ్చిన, ఒకటి నుంచి ఆరు నెలల పిల్లలున్న 335 మంది తల్లులను అడిగి చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. వాళ్లలో 64 శాతం మంది గ్రైప్ వాటర్ పడుతున్నారు. పట్టిన పిల్లల్లో కూడా కోలిక్ కనిపించింది, పైగా వాంతులు, మలబద్ధకం వాళ్లలోనే ఎక్కువ. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేం. అయినా 'పడితే పోయేదేముంది' అనేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

పోయేది నిజంగానే ఉంది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ వయసులో పొట్ట చాలా చిన్నది, చెంచాడు తీపి నీళ్లు పట్టినా ఆ మేరకు పాలు తగ్గుతాయి. ఇక శుభ్రత సంగతి. 2007లో అమెరికాలో అమ్మిన ఒక గ్రైప్ వాటర్‌లో క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల పరాన్నజీవి దొరికి, దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించారు. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లే అమ్మమ్మల సూట్‌కేసుల్లో ఆవకాయతో పాటు ఈ సీసా కూడా ప్రయాణం చేస్తుంటుంది. అక్కడి పిల్లల డాక్టరుకు చెప్పకుండా దాన్ని వాడొద్దు.

ఇక్కడ వస గురించి చెప్పకుండా ఉండలేను. ఎక్కువ మాట్లాడేవాళ్లను 'వస పోశారా' అంటాం కదా, ఆ వస కొమ్మును అరగదీసి పిల్లల నాలుకకు రాయడం మన ఊళ్లలో ఇంకా ఉంది. దాని నూనెలోని బీటా అసరోన్ జంతువుల్లో క్యాన్సర్ కలిగించిందని అమెరికా 1968లోనే దాన్ని ఆహార పదార్థాల్లో నిషేధించింది. పాత అలవాటు అయినంత మాత్రాన ఒక వస్తువు భద్రమైపోదని దీన్నిబట్టి తెలుస్తుంది.

సోయికూర గింజల్లో 2 నుంచి 4 శాతం దాకా నూనె ఉంటుంది. అంటే ఒక మిల్లీలీటరు నూనెలో దాదాపు 30 గ్రాముల గింజల సారం ఉన్నట్టు. పోపులో ఎవరూ అన్ని గింజలు వేయరు. యూరప్ రకం గింజల నూనెలో కార్వోన్, లిమోనీన్ ప్రధానం. పేగు కండరాల బిగుతును ఇవి సడలిస్తాయని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది, తిన్నాక గింజలు నమిలితే ఉబ్బరం తగ్గుతుందన్న మాటకు ఆ మేరకు ఆధారం ఉంది. కానీ మన దేశంలో పండే రకం వేరు. దాని నూనెలో వీటితో పాటు డిల్లాపియోల్ అనే పదార్థం కూడా గణనీయంగా ఉంటుంది. పురుగుమందుల పదును పెంచడానికి పనికొచ్చే రసాయనం అది. దీనికి దగ్గరి చుట్టమైన ఏపియోల్‌ను 20వ శతాబ్దం మొదట్లో గర్భం పోగొట్టుకోవడానికి వాడి, కాలేయం, కిడ్నీలు పాడై చనిపోయిన స్త్రీలున్నారు. అందుకే ఆన్‌లైన్‌లో చిన్న సీసాల్లో అమ్మే డిల్ నూనెను కడుపులోకి తీసుకోమనే సలహా ఎక్కడ కనిపించినా నాకు వణుకు పుడుతుంది. 'నేచురల్' అన్న మాట చూసి దాన్ని నోట్లో వేసుకోకండి.

గర్భిణులు కూరలో, పప్పులో తినే ఆకుకు భయపడక్కర్లేదు. గింజల కషాయం, నూనె, క్యాప్సూల్స్ మాత్రం వద్దు. నెలసరి రావడానికి శతపుష్పను వాడటం మన వైద్యంలో చాలా పాతది. కాశ్యప సంహితలో శతపుష్ప, శతావరి గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది, స్త్రీల సమస్యలకు వాటిని ఎలా వాడాలో అందులో చెప్పారు. గర్భాశయం మీద దీని ప్రభావం ఉందని మన పూర్వీకులే గుర్తించారంటే, కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో కషాయం కాచుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

బాలింతలకు పాలు పడటానికి సోయికూర పెడతారు. పెట్టండి. 100 గ్రాముల పచ్చి ఆకులో 200 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 6 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటాయి. పథ్యం పేరుతో కారంపొడి అన్నంతో సరిపెట్టే ఇళ్లలో ఒక ఆకుకూర కంచంలోకి రావడమే గొప్ప. కానీ పాలు పడేది బిడ్డ తరచుగా చీకడం వల్ల. ఆకు తింటున్నా పాలు రాలేదని బాలింతను నిందించడం, ఆ బెంగతో డబ్బాపాలకు మారడం ఈ నమ్మకం వల్ల జరిగే అన్యాయం.

కొలెస్ట్రాల్‌కు డిల్ మాత్రలు అమ్ముతున్నారు. ఇరాన్‌లో 150 మంది మీద జరిపి 2007లో ప్రచురించిన ట్రయల్‌లో వెల్లుల్లి మాత్రలకు ఫలితం కనిపించింది కానీ డిల్ మాత్రలకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. షుగర్ విషయంలో ఎలుకల మీద ఫలితాలే ఎక్కువ. వాటిని నమ్మి మందులు ఆపేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఏ ఆకుకూరనైనా రోజూ ఒకే మోతాదులో తినాలి, ఒక్కసారిగా పెంచకూడదు. క్యారెట్, కొత్తిమీర, జీలకర్ర పడనివాళ్లకు ఇది కూడా దురద, దద్దుర్లు తేవచ్చు.

సాయంత్రం ఏడ్చే బిడ్డ సంగతికొస్తే, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, చీకటి గదిలో ఊపడం, పాలు పట్టే తీరు సరిచూసుకోవడం తప్ప పెద్దగా చేయగలిగిందేమీ లేదు. ఇంట్లో మరొకరు బిడ్డను ఎత్తుకుని తల్లిని రెండు గంటలు పడుకోనివ్వడం వీటన్నిటికన్నా ముఖ్యం. మా ఇంట్లో సీసా పక్కన పెట్టి చేసింది ఇదే. వాడి ఏడుపు నాలుగో నెలలో తగ్గింది.

ఏడ్చే ప్రతి బిడ్డదీ కోలిక్ కాదు. సీసా మీద భరోసాతో కాలయాపన చేస్తే అసలు జబ్బు ముదురుతుంది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా, మలంలో రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, పాలు తాగడం మానేసి మత్తుగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.