సినిమాని కాదు, ఆ బల్లల్ని అనండి

ఒకప్పుడు బ్రిటన్‌లో పాటలు, హాస్యం, డాన్సులు కలిపి షోలు వేసిన మ్యూజిక్ హాల్ మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు "సినిమా వచ్చి చంపేసింది కదండీ" అని తేల్చేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ట్రాన్‌గేట్ వీధిలో బ్రిటానియా పనోప్టికాన్ అని అలాంటి హాలొకటి ఉంది. అక్కడ చదువుకునే మన పిల్లలు ఆ దారినే నడుస్తారు గానీ తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. 1850ల చివర్లో కట్టారు. మెట్లెక్కి వెళ్తే హాలు, అందులో ఉత్త చెక్క బల్లలు, వాటి మీద 1,500 మంది ఇరుక్కుని కూర్చునేవాళ్ళు, పైగా మొదట్లో చాలా ఏళ్ళు టాయిలెట్ కూడా లేదు. పాట నచ్చకపోతే ఓడలు కట్టే కూలీలు స్టేజి మీదికి రివెట్లు విసిరేవాళ్ళట!

సినిమానే శత్రువైతే 1896లోనే అక్కడ బొమ్మ పడింది కదా. హాలువాళ్ళే తెచ్చి వేశారు, ఆ తర్వాత ఇంకో నలభై ఏళ్ళు నడిచింది. 1906లో పికార్డ్ అనే ఘటికుడి చేతికొచ్చాక ఇక జాతరే: మైనపు బొమ్మలు, నేలమాళిగలో జూ. అల్లరి కుర్రాళ్ళని అదుపు చెయ్యడానికి ఆయన స్టేజి పక్కన నిచ్చెనెక్కి కూర్చుని మేకులు విసిరేవాడని చెప్తారు. అదే ఏడు ఓ పదహారేళ్ళ కుర్రాడు నాన్న బట్టలు ఎత్తుకొచ్చి తొడుక్కుని స్టేజెక్కాడు, తీరా చూస్తే జనంలో ఆ నాన్నే ఉన్నాడు. ఆ కుర్రాడే పాత హాలీవుడ్ కామెడీ జంట లారెల్ అండ్ హార్డీలో బక్కపల్చటి స్టాన్ లారెల్.

మరి ఎందుకు మూతపడింది? 1927లో అదే ఊళ్ళో గ్రీన్స్ ప్లేహౌస్ అనే సినిమా హాలు 4,000 పైచిలుకు సీట్లతో తెరుచుకుంది, 1930లకల్లా ఊళ్ళో వందకు పైగా సినిమా హాళ్ళున్నాయి. అదే బొమ్మ మెత్తటి సీట్లో చూడొచ్చంటే బల్ల మీద నడుం విరగ్గొట్టుకునేదెవరు? జూ మీద పెట్టిన శ్రద్ధలో సగం కూర్చునేవాడి మీద పెట్టి ఉంటే బాగుండేదని నా బాధ.

1938లో మూసేసి బట్టలు కుట్టే కంపెనీకి అమ్మారు. వాళ్ళు మధ్యలో ఫాల్స్ సీలింగ్ కొట్టి కింద వ్యాపారం చేసుకున్నారు, పైన బాల్కనీ దుమ్ములో అలాగే ఉండిపోయింది. మన దగ్గరైతే మర్నాడే జేసీబీ వచ్చేది. 1997 నుంచి దాన్ని కాపాడే పని మొదలైంది, నేల చెక్కల సందుల్లో ప్యాంటు గుండీలు, సిగరెట్ పెట్టెలు దొరికాయి. ఇప్పుడు మళ్ళీ షోలు వేస్తున్నారు. వెళ్తే కోటు విప్పకండి, లోపల చలి చంపేస్తుంది.