టోల్‌పడిల్ కూలీలు, ఏడు పెన్నీల పత్రిక

పాత పత్రికల వార్తలతో ఇంగ్లండ్ పల్లెల చరిత్ర చెప్పిన ఒక వ్యాసం చదవగానే అక్కడి డార్సెట్ జిల్లాలోని టోల్‌పడిల్ అనే పల్లె గుర్తొచ్చింది. వారానికి 7 షిల్లింగులకు (షిల్లింగు అంటే 12 పెన్నీలు) పడిపోయిన కూలిని 6కు తగ్గిస్తామంటే అక్కడి వ్యవసాయ కూలీలు సంఘం పెట్టుకున్నారు. సంఘంలో చేరేవాళ్లతో రహస్య ప్రమాణం చేయించారని 1834లో ఆరుగురికి ఏడేళ్ల శిక్ష వేసి ఆస్ట్రేలియాకు ఓడెక్కించారు.

ఆనాటి వార్తలు చదివేటప్పుడు ఒకటి మర్చిపోకూడదు. ఒక్కో పత్రిక మీద 4 పెన్నీల స్టాంపు పన్ను ఉండేది, ధర దాదాపు 7 పెన్నీలు. ఆ కూలీకి అది సగం రోజు కూలి! డబ్బున్నవాళ్లే కొనేవాళ్లు, వార్తలూ ఎక్కువగా వాళ్ల చూపుతోనే ఉండేవి. అందుకే, పెళ్లాం పిల్లలు ఆకలితో మాడకూడదనే కలిశామని ఆ ఆరుగురిలో ఒకడైన జార్జ్ లవ్‌లెస్ కోర్టులో చెప్పుకున్న మాట నాకు అంత విలువైనదిగా అనిపిస్తుంది. జనం ఊరుకోలేదు, 1836లో ప్రభుత్వం క్షమాభిక్ష ఇవ్వక తప్పలేదు.