గోడ కోసం రూల్ మారుతుంది, స్నేహితుడి కోసం మారదా?

మా అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం అయిదున్నరకు క్రికెట్ మొదలవుతుంది. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినీ పేరు పెట్టి తమ జట్టులోకి పిలుచుకుంటారు. చివరికి ఒకడు మిగులుతాడు. పదేళ్లుంటాయి. "వాణ్ని మీరే ఉంచుకోండి" అని రెండు జట్లూ వాదించుకుంటుంటే, వాడు చెప్పు కొసతో మట్టిలో గీతలు గీస్తూ నిలబడతాడు. ఆటలో బంతి తన వైపు వస్తే రెండు చేతులూ దగ్గరికి తెస్తాడు. అప్పటికి బంతి దాటిపోయి ఉంటుంది.

ఇలాంటి పిల్లలకు మొద్దు, బద్ధకస్తుడు అని పేర్లు పెట్టేస్తాం. కదలికలు కుదరకపోవడమనే ఈ ఇబ్బందిని వైద్యులు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు. డిస్‌ప్రాక్సియా అన్న పేరూ ఉంది. ఇది తెలివికి సంబంధించిన లోటు కాదు. కళ్లు చూసినదాన్ని కాళ్లూ చేతులూ సమయానికి అందుకోలేవు, అంతే. చొక్కా గుండీలు, షూ లేసులు, చేతిరాత కూడా కష్టమవుతాయి. బడి వయసు పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. అంటే 40 మంది ఉన్న క్లాసులో ఇద్దరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాల కింద డిస్‌ప్రాక్సియా పేరు ఉంది. కానీ చట్టం అనగానే మనకు పరీక్షలో అదనపు సమయమే గుర్తొస్తుంది, గేమ్స్ పీరియడ్ గుర్తురాదు.

అసలు దెబ్బ తగిలేది అక్కడే. సరిగా ఆడలేడని పక్కన పెడతారు. ఆడకపోతే చేయి తిరగదు. మరుసటి ఏడాదికి తోటివాళ్లు ఇంకా ముందుకెళ్లిపోతారు. గ్రౌండ్ అంటేనే టెన్షన్ పట్టుకుని, పిల్లాడు కడుపునొప్పి అని క్లాసులోనే కూర్చుంటాడు. నేర్చుకోవాల్సిన పనినే చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి సాధన చేయించాలని నిపుణులు చెబుతున్నారు. ఆ సాధనకు ఆటకన్నా మంచి చోటేముంది?

"మేం ఆడిస్తూనే ఉన్నాం కదా" అనే పెద్దలూ ఉన్నారు. స్కోరు రాయమనడం, బౌండరీ దగ్గర నిలబెట్టడం ఆడించడం కాదు. అది ఆటలో అరటిపండు. ఏడుస్తున్న నాలుగేళ్ల తమ్ముణ్ని అలా చేర్చుకుంటే ముద్దు. పదేళ్లవాడికి అది అవమానం. ఔటైనా లెక్కలేదంటే, తను లెక్కలో లేనట్టేనని వాడికి తెలుసు.

గల్లీ క్రికెట్‌లో గోడ దాటితే ఔట్. కారుకు తగిలితే ఔట్. గోడల కోసం, కార్ల కోసం పిల్లలు రోజూ రూల్స్ మార్చుకుంటారు. స్నేహితుడి కోసమూ మార్చుకోగలరు, ఒక్క పెద్దమనిషి ఆ మాట అంటే చాలు. మెత్తటి పెద్ద బంతి వాడొచ్చు, వికెట్లు దగ్గరకు జరపొచ్చు. ఆ రూల్ ఒక్కడికే కాకుండా అందరికీ వర్తించాలి. కెప్టెన్లు ఏరుకోవడం మాత్రం పూర్తిగా మానేయాలి. చీట్లు వేసి జట్లు పంచితే చివరివాడంటూ ఎవరూ మిగలరు.

మొన్న మా కింద ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె "ఇవాళ అందరికీ వన్ పిచ్ క్యాచ్" అంది. అంటే బంతి ఒక్కసారి నేలను తాకాక పట్టినా ఔటే. మూడోసారికి వాడి చేతుల్లో బంతి ఆగింది. బ్యాట్స్‌మన్ ఒప్పుకోలేదు, రెండు పిచ్‌లు పడ్డాయని గొడవకు దిగాడు. వీడూ ఊరుకోలేదు. అయిదు నిమిషాలు గొంతు చించుకుని వాదించాడు.