సెల్టిక్‌కు అసలు ప్రత్యర్థి ఆగస్టు నెలేనా?

2025 ఆగస్టు 26న కజకిస్థాన్ నగరం అల్మాటిలో జరిగిన పెనాల్టీ షూటౌట్‌లో అక్కడి క్లబ్ కైరత్ గోల్‌కీపర్, 21 ఏళ్ల తెమిర్లాన్ అనార్బెకోవ్ మూడు పెనాల్టీలను ఆపి, స్కాట్లాండ్ చాంపియన్ సెల్టిక్‌ను యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల అగ్ర టోర్నీ చాంపియన్స్ లీగ్ గుమ్మం దాటనివ్వకుండా వెనక్కి పంపాడు. ఆడమ్ ఐడా, ల్యూక్ మెక్‌కోవన్, దైజెన్ మయేదా కొట్టిన మూడు షాట్లూ వృథా అయ్యాయి. మరునాటి చర్చంతా ఆ మూడు షాట్ల చుట్టూ తిరగడం సహజమే. కానీ ఆ చర్చ మరుగున పడేసిన సంగతి ఒకటుంది. సొంతూరు గ్లాస్గోలో 90 నిమిషాలు, అల్మాటిలో అదనపు సమయంతో కలిపి 120 నిమిషాలు, మొత్తం 210 నిమిషాల ఆటలో సెల్టిక్ ఒక్క గోల్ కూడా చేయలేకపోయింది. షూటౌట్‌లో ఓడిపోవడాన్ని దురదృష్టమని సరిపెట్టుకోవచ్చేమో గానీ, కజకిస్థాన్ జట్టుపై సొంతగడ్డ మీద కూడా గోల్ లేకపోవడాన్ని ఆ ఖాతాలో వేయలేం. సెల్టిక్ మళ్లీ క్వాలిఫయింగ్ బరిలోకి దిగినప్పుడు దాని అవకాశాలను అంచనా వేయాలంటే, ఆ గోల్ ఎందుకు రాలేదన్న ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

ముందుగా ఈ క్వాలిఫయింగ్ దశ స్వరూపం గురించి క్లుప్తంగా చెప్పుకోవాలి. యూరప్ దేశాల లీగ్‌లకు గత ఐదు సీజన్లలో వాటి క్లబ్బులు సాధించిన ఫలితాలను బట్టి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ ర్యాంకులు ఇస్తుంది. మొదటి పది దేశాల చాంపియన్లు నేరుగా అసలు టోర్నీలోని తొలి దశ అయిన లీగ్ దశకు చేరుతారు. ఆ తర్వాతి స్థానాల్లో ఉన్న నాలుగైదు దేశాల చాంపియన్లు క్వాలిఫయింగ్‌లో చివరి రౌండైన ప్లే-ఆఫ్ ఆడాలి. ఇంకా దిగువనున్న వారు జులై నుంచే ఒక్కో రౌండు గెలుచుకుంటూ పైకి రావాలి. స్కాట్లాండ్ ర్యాంకు మెరుగ్గా ఉన్న పుణ్యాన సెల్టిక్ 2022 నుంచి వరుసగా మూడు సీజన్లు క్వాలిఫయింగ్ ఆడకుండానే గ్రూపు దశలో, ఆ తర్వాత దాని స్థానంలో వచ్చిన లీగ్ దశలో అడుగుపెట్టింది. 2024-25లో అయితే 12 పాయింట్లతో 21వ స్థానంలో నిలిచి లీగ్ దశ తర్వాత వచ్చే నాకౌట్ ప్లే-ఆఫ్‌కు చేరడమే కాకుండా, బయెర్న్ మ్యూనిక్‌ను చివరి నిమిషాల దాకా వణికించింది. ఆ జట్టు ఆరు నెలల తర్వాత అల్మాటిలో చేతులెత్తేసిందంటే, మధ్యలో ఏదో జరిగి ఉండాలి కదా.

జరిగినదాంట్లో రహస్యమేమీ లేదు. గోల్స్ చేసేవాళ్లు ఒక్కొక్కరుగా జట్టుకు దూరమయ్యారు. మూడున్నరేళ్ల పాటు దాడికి ఇరుసుగా ఉన్న క్యోగో ఫురుహాషిని 2025 జనవరిలో ఫ్రాన్స్ క్లబ్ రెన్‌కు అమ్మేశారు. కుడివైపు నుంచి దూసుకెళ్లే నికొలాస్ క్యూన్‌ను జులైలో ఇటలీలోని కోమోకు అమ్మారు. ఎడమవైపు ఆడే జోటా ఏప్రిల్‌లో మోకాలి గాయంతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. అంటే ముందు వరుసలోని మూడు స్థానాలకూ కొత్తవాళ్లు కావాల్సి వచ్చింది. కొత్త ఆటగాళ్లు రాలేదని కాదు. జపాన్ నుంచి షిన్ యమాదా, స్వీడన్ ఆటగాడు బెంజమిన్ నీగ్రెన్ వచ్చారు, ఆర్సెనల్ నుంచి కీరన్ టియర్నీ సొంతగూటికి తిరిగొచ్చాడు. అయితే వెళ్లిపోయిన వాళ్ల స్థాయిలో ఆడగల ముందువరుస ఆటగాళ్లు ప్లే-ఆఫ్ నాటికి కుదురుకోలేదు. వింగర్ సెబాస్టియన్ తూనెక్తి ఒప్పందం సెప్టెంబరు 1న, అంటే ఓటమి తర్వాత ఆరు రోజులకు, బదిలీల గడువు చివరి రోజున పూర్తయింది. స్ట్రైకర్ కెలెచి ఇహెనాచో ఆ గడువు కూడా ముగిశాక, ఏ క్లబ్బుతోనూ ఒప్పందం లేని ఫ్రీ ఏజెంటుగా వచ్చాడు.

డబ్బు లేకనా అంటే అదీ కాదు. 2025 జూన్ నాటికి క్లబ్ ఖాతాల్లో ఏడు కోట్ల పౌండ్లకు పైగా నగదు ఉంది. స్కాట్లాండ్‌లో మరే క్లబ్బుకూ ఆ స్థోమత లేదు. అయినా కొనుగోళ్లు నత్తనడకన సాగడానికి కారణం యాజమాన్యం లెక్కలోనే ఉందని నా అభిప్రాయం. చాంపియన్స్ లీగ్‌కు చేరితే ఆదాయం ఎంతో తేలుతుంది, అప్పుడు ఎంత ఖర్చు పెట్టవచ్చో నిర్ణయించుకోవచ్చు అన్నది ఆ లెక్క. పంట ఇంటికొచ్చాక విత్తనాలు కొంటానన్న రైతు ధోరణి ఇది. లీగ్ దశలో అడుగుపెట్టినందుకే ఒక్కో క్లబ్బుకు 1 కోటి 86 లక్షల యూరోలు, ఆపైన గెలిచిన ప్రతి మ్యాచ్‌కు 21 లక్షల యూరోలు దక్కుతాయి. ఓడి రెండో శ్రేణి టోర్నీ అయిన యూరోపా లీగ్‌కు దిగిపోతే ప్రవేశ మొత్తం 43 లక్షల యూరోలు, గెలుపునకు నాలుగున్నర లక్షలు మాత్రమే. ప్లే-ఆఫ్‌లో ఓడినవారికి ఊరటగా మరో 43 లక్షల యూరోల దాకా వస్తాయన్నది నిజమే. ఆ ఊరటే బోర్డు గదిలో తొందర లేకుండా చేస్తోందేమోనన్న అనుమానం నాకుంది. దివాలా తీయించేంత దెబ్బ కాదు కాబట్టి, రిస్కు తీసుకోవాల్సిన అవసరం వారికి కనిపించదు.

సెల్టిక్ అభిమానులు ఎక్కువగా చెప్పే వాదన వేరు. ఆగస్టులో స్కాట్లాండ్ సీజన్ అప్పుడే మొదలవుతుంది, కజకిస్థాన్, నార్వే, స్వీడన్ వంటి దేశాల్లో మార్చి, ఏప్రిల్‌లలో మొదలైన సీజన్ అప్పటికి సగం దాటుతుంది, వాళ్ల ఆటగాళ్లు మంచి ఊపుమీద ఉంటారు, మనవాళ్లు ఇంకా ఒళ్లు విరుచుకుంటూ ఉంటారు అంటారు. దీనికి ఐదు వేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణాన్ని, నాలుగు గంటల సమయ భేదాన్ని కూడా జోడిస్తారు. వాదనలో కొంత నిజం లేకపోలేదు. సెల్టిక్‌తో తలపడటానికి ముందే కైరత్ ఓలింపియా ల్యుబ్లియానా, ఫిన్లాండ్ క్లబ్ కేయూపీఎస్, స్లోవాన్ బ్రాటిస్లావాలను దాటుకుని వచ్చింది. స్లోవాన్‌పై కూడా పెనాల్టీలతోనే గట్టెక్కింది కాబట్టి ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో దాని ఆటగాళ్లకు అప్పటికే అనుభవంలోకి వచ్చింది.

అయితే పాత ఓటములను వరసగా పరిశీలిస్తే క్యాలెండర్ వాదన పూర్తిగా నిలబడదు. 2018లో సెల్టిక్‌ను 1-1, 2-1తో ఇంటికి పంపిన ఏఈకే ఏథెన్స్ సొంత దేశంలో లీగ్ అప్పటికి మొదలే కాలేదు. ఆ వేసవిలో కోచ్ బ్రెండన్ రోడ్జర్స్ ఆశించిన మిడ్‌ఫీల్డర్ జాన్ మెగిన్, ఏఈకేతో తొలి అంచె (రెండు మ్యాచ్‌ల పోరులో మొదటిది) జరిగిన రోజుల్లోనే ఆస్టన్ విల్లాలో చేరిపోయాడు. 2019 ఆగస్టు 8న టియర్నీని ఆర్సెనల్‌కు అమ్మిన సెల్టిక్, ఐదు రోజుల తర్వాత రొమేనియా క్లబ్ సీఎఫ్ఆర్ క్లూజ్‌పై రెండో అంచెలో మిడ్‌ఫీల్డర్ క్యాలమ్ మెక్‌గ్రెగర్‌ను లెఫ్ట్‌బ్యాక్‌గా నిలబెట్టి సొంతగడ్డ మీద 3-4తో ఓడింది. 2020లో కొవిడ్ కారణంగా ఒకే మ్యాచ్‌గా జరిగిన పోరులో అసలు సిసలైన సెంటర్ ఫార్వర్డ్ లేకుండా ఆట మొదలుపెట్టి, హంగరీ క్లబ్ ఫెరెంక్‌వారోష్ చేతిలో 1-2తో ఓడింది. 2021లో యాంజ్ పోస్టెకోగ్లూ కోచ్‌గా బాధ్యతలు తీసుకున్న కొన్ని వారాలకే డెన్మార్క్ క్లబ్ మిట్యులాండ్ ఎదురైంది. అప్పటికే సంతకం చేసిన ఫురుహాషి ఆ రెండు మ్యాచ్‌లలోనూ బరిలోకి దిగలేదు. అదనపు సమయంలో ఓటమి తప్పలేదు. దేశాలు వేరు, కోచ్‌లు వేరు, ప్రత్యర్థుల శైలి వేరు. అన్నిటిలోనూ ఉమ్మడిగా కనిపించేది ఒక్కటే. మ్యాచ్ నాటికి ఏదో ఒక కీలక స్థానం ఖాళీగానో, అతుకుల బొంతగానో ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ 2017. అంతకుముందు సీజన్‌లో స్కాట్లాండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా మూడు ట్రోఫీలూ గెలిచిన జట్టును రోడ్జర్స్ దాదాపు యథాతథంగా నిలుపుకున్నాడు. ప్లే-ఆఫ్‌లో ఎదురైంది మళ్లీ కజకిస్థాన్ జట్టే, అస్తానా. సీజన్ మధ్యలో మంచి ఊపుమీదున్న ఆ జట్టును సెల్టిక్ గ్లాస్గోలో 5-0తో చిత్తుచేసింది. రెండో అంచెలో 3-4తో ఓడినా మొత్తం మీద 8-4తో ముందుకెళ్లింది. ఆ ఏడాది ప్రయాణం తక్కువేమీ కాలేదు, క్యాలెండరూ మారలేదు. మారిందల్లా జట్టు సంసిద్ధతే. 2013లో కజకిస్థాన్‌లోని కారగండి క్లబ్ షాఖ్తర్‌పై తొలి అంచెలో 0-2తో ఓడి కూడా గ్లాస్గోలో 3-0తో గెలిచి బయటపడిన సందర్భం ఉంది గానీ, చివరి నిమిషాల్లో జేమ్స్ ఫారెస్ట్ కొట్టిన గోల్‌తో దక్కిన ఆ విజయాన్ని ప్రణాళికకు ఉదాహరణగా చూపడం కష్టం.

కొత్త కోచ్ అంశాన్ని కూడా పక్కన పెట్టలేం. 2005లో కోచ్‌గా గోర్డన్ స్ట్రాకన్ తొలి పోటీ మ్యాచ్‌లోనే సెల్టిక్ స్లొవేకియా క్లబ్ ఆర్ట్‌మీడియా చేతిలో 0-5తో భంగపడింది. రెండో అంచెలో నాలుగు గోల్స్ కొట్టినా సరిపోలేదు. 2016లో రోడ్జర్స్ తొలి మ్యాచ్ జిబ్రాల్టర్‌లో లింకన్ రెడ్ ఇంప్స్‌పై 0-1 ఓటమి, అదృష్టవశాత్తు గ్లాస్గోలో 3-0తో సర్దుకుంది. 2014లో కొత్త కోచ్ రానీ డైలా జట్టు పోలండ్ క్లబ్ లెగియా వార్సా చేతిలో రెండు అంచెల్లోనూ కలిపి 1-6తో చిత్తయినా, నిషేధంలో ఉన్న ఆటగాడిని లెగియా చివరి నిమిషాల్లో దించడంతో రెండో మ్యాచ్‌ను 3-0గా సెల్టిక్‌కు ఇచ్చేశారు. అలా చేతికందిన రెండో అవకాశాన్ని కూడా సెల్టిక్ తర్వాతి రౌండులో స్లొవేనియా క్లబ్ మారిబోర్‌కు సమర్పించుకుంది. కాబట్టి జూన్‌లో కోచ్‌ను మార్చి జులై, ఆగస్టుల్లో ఫలితం ఆశించడమంటే, కొనుగోళ్ల ఆలస్యానికి తోడు మరో తలనొప్పిని తెచ్చిపెట్టుకోవడమే.

ఆటపరంగా ఈ ఖాళీల ప్రభావం ఎందుకింత తీవ్రంగా ఉంటుందో కూడా చూడాలి. స్కాట్లాండ్ లీగ్‌లో సెల్టిక్‌కు ఎదురయ్యే జట్లు చాలావరకు తమ పెనాల్టీ ఏరియా ముందే గోడ కడతాయి. వారాల తరబడి ఓపిగ్గా బంతిని తిప్పుతూ ఆ గోడలను బద్దలుకొట్టడం సెల్టిక్‌కు అలవాటే. కానీ లీగ్‌లో ఒక మ్యాచ్ డ్రా అయితే తర్వాతి 37 మ్యాచ్‌లలో సరిదిద్దుకోవచ్చు, ఇక్కడ రెండే మ్యాచ్‌లు. సమయం గడిచేకొద్దీ ముందుకు వచ్చే సెల్టిక్ ఆటగాళ్ల వెనక ఖాళీ పెరుగుతుంది, ప్రత్యర్థి కౌంటర్ అటాక్‌కు దారి దొరుకుతుంది. అందుకే ఒక్క మంచి అవకాశాన్ని గోల్‌గా మలచగలిగే స్ట్రైకర్ విలువ లీగ్‌లో కంటే క్వాలిఫయింగ్‌లో ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రత్యర్థి మైదానంలో చేసిన గోల్‌కు అదనపు విలువనిచ్చే నిబంధనను 2021లో ఎత్తేశాక, తొలి అంచె 0-0గా ముగియడం ఆతిథ్య జట్టుకు ఏమాత్రం ఉపయోగపడదు. ఇంట్లో గోల్ ఇవ్వలేదన్న తృప్తికి అర్థం లేకుండా పోయింది.

ఇక ముందున్న దారి మరింత ఇరుకైనది. ఐదేళ్ల లెక్కలో స్కాట్లాండ్ ర్యాంకు జారుతోంది. 2025లోనే మరో స్కాట్లాండ్ క్లబ్ రేంజర్స్ ప్లే-ఆఫ్‌లో బెల్జియం జట్టు క్లబ్ బ్రూగ్ చేతిలో మొత్తం 1-9తో ఓడిన తీరు ఆ జారుడుకు మరింత బలమిచ్చింది. ర్యాంకు ఇంకా పడితే స్కాట్లాండ్ చాంపియన్ ఆగస్టు ప్లే-ఆఫ్‌తో కాకుండా జులైలోని తొలి రౌండ్లతో ఆట మొదలుపెట్టాల్సి వస్తుంది. అంటే ఒక ప్రత్యర్థి స్థానంలో ఇద్దరు, ముగ్గురు ప్రత్యర్థులుంటారు, కొనుగోళ్లకు దొరికే వ్యవధి నెల రోజులు తగ్గుతుంది. డబ్బు తేలేవరకు ఆగుదామన్న పద్ధతి ఆ పరిస్థితిలో అసలే పనిచేయదు.

అలాగని సెల్టిక్‌ను బలహీన జట్టుగా లెక్కగట్టడం కూడా తప్పే. ఎదురయ్యే ప్రత్యర్థుల్లో ఎక్కువ మంది కంటే దాని జీతాల బిల్లు పెద్దది, అనుభవం ఎక్కువ. అరవై వేల మంది ప్రేక్షకుల హోరు మధ్య ఆడే అవకాశం మిగతావాళ్లకు లేదు. కైరత్‌నే తీసుకుంటే, ఐదు వారాలకే అల్మాటికి వచ్చిన రియల్ మాడ్రిడ్ దాన్ని 5-0తో ఓడించింది. అంటే ఆ జట్టుపై గోల్ చేయడం అసాధ్యమైన పనేమీ కాదు. కాబట్టి సీడింగ్ పట్టికలు, క్లబ్ ఖాతాల్లోని నగదు చూసి సెల్టిక్ అవకాశాలను లెక్కించేవారు, తొలి అంచె రోజున బరిలోకి దిగే పదకొండు మందిలో గత సీజన్ ముందువరుస ఎంత మిగిలిందో, వెళ్లినవాళ్ల స్థానంలో వచ్చినవాళ్లు కనీసం మూడు వారాలైనా జట్టుతో సాధన చేశారో లేదో ముందు చూడాలి. ఆ రెండూ సరిగ్గా ఉంటే ఈ దశలో ఎదురయ్యే దాదాపు ఏ జట్టుపైనైనా సెల్టిక్‌దే పైచేయి అంటాను. స్ట్రైకర్ స్థానం మాత్రం ఖాళీగా ఉంటే, ఎదురుగా ఉన్నది కజకిస్థాన్ జట్టైనా డెన్మార్క్ జట్టైనా, గెలుపు అవకాశాలు సగానికి మించవు.