30 ఏళ్ల సర్వీసు, బిగినర్ హోదా

నేను సిగరెట్ మానేసి ఇవాళ్టికి 43 రోజులు. ఈ సంగతి ఒంగోలులో తెలియనివాళ్లు లేరు, ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను. చెప్పుకోవడానికి కూడా పనికిరాకపోతే అసలు మానడం ఎందుకు?

మానమన్నది నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరుగారు. నెల్లూరు సంగతి తెలియనివారికి చెప్తున్నా, అక్కడ ఆసుపత్రులు వరసగా ఉండే పేట పేరే పొగతోట. "పొగ మానండి" అని చెప్పించుకోవడానికి జనం పొద్దున్నే బస్సెక్కి పొగతోటకు పోతుంటారు. ఆయన నా ఎక్స్‌రేని దీపం ముందు పెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. డాక్టరు తిట్టినా భరించవచ్చు, మాట్లాడకపోతేనే కష్టం. బయటికొచ్చి జేబులో ఉన్న పెట్టెను కాలవలో పారేశాను. పారేసే ముందు అందులోంచి ఒకటి తీసి కాల్చిన మాట నిజమే. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

సరే, మానేశాను. మొదటి మూడు రోజులూ ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా దాని మీద అరిచాను. మెడికల్ షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్ గమ్ తెచ్చుకున్నాను. మెల్లగా నాలుగుసార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలట. నేను కిళ్లీ నమిలినట్టు కసిగా నమిలి గంటసేపు ఎక్కిళ్లు తెచ్చుకున్నాను. అయినా నెట్టుకొచ్చాను. అంతా ఒక దారికి వస్తోందనుకుంటున్న 40వ రోజున బెంగళూరు నుంచి మా మేనల్లుడు దిగాడు. సంచిలోంచి నల్లటి పెట్టె ఒకటి తీసి నా చేతిలో పెట్టి, చెవిలో మంత్రం చెప్పినట్టు చెప్పాడు.

"మామా, వేప్ ఇది, అంటే బ్యాటరీ సిగరెట్టు. వేరియబుల్ వోల్టేజి. నీకోసమే వెతికి వెతికి తెచ్చా. బిగినర్ ఫ్రెండ్లీ."

బిగినర్!

అయ్యా, ఇంటర్ రెండో సంవత్సరంలో ఫిల్టర్ లేనిదానితో ఉద్యోగంలో చేరినవాణ్ణి. గూడూరు నుంచి చీరాల దాకా రైలు ఆగిన ప్రతి స్టేషన్లోనూ దిగి, కాల్చి, కదులుతున్న రైలెక్కినవాణ్ణి. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల జరిమానా అన్నప్పుడు కూడా ధైర్యం చెడకుండా టీ బంకు వెనక్కి మారి విధులు నిర్వర్తించినవాణ్ణి. 30 ఏళ్ల సర్వీసు. ఒక్క రోజు సెలవు పెట్టలేదు, జ్వరమొచ్చినా డ్యూటీ చేశాను. ఏ గవర్నమెంటు ఆఫీసులోనైనా ఇంత సర్వీసుంటే ఈపాటికి సూపరింటెండెంటును చేసి శాలువా కప్పేవారు. నన్ను మాత్రం మళ్లీ ప్రొబేషన్‌లో వేశారు.

అయినా పెద్దమనసు చేసుకుని, బిగినర్లు ఇలాంటి పరికరాన్ని ఎలా ఎంచుకోవాలో మా వాడి దగ్గర పాఠం చెప్పించుకున్నాను. లోపల ఒక లిథియం బ్యాటరీ. దాని మీద చిన్న కాయిల్, అంటే తీగచుట్ట. చుట్ట అనగానే మా తాత గుర్తొచ్చాడు, అది వేరే చుట్ట. ఆ తీగకు దూది. దూదికి ద్రవం: గ్లిజరిన్, ప్రొపిలిన్ గ్లైకాల్, నికోటిన్, ఏదో ఒక వాసన. మీట నొక్కితే తీగ వేడెక్కుతుంది, దూదిలోని ద్రవం ఆవిరవుతుంది, ఆ ఆవిరిని పీల్చాలి. 2003 ప్రాంతంలో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు కనిపెట్టాడట. ఇక వేరియబుల్ వోల్టేజి అంటే అడుగున ఒక చక్రం, దాన్ని తిప్పితే 3.3 నుంచి 4.8 వోల్టుల దాకా మనకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు. "కొత్తవాళ్లు కింద నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుకోవాలి మామా" అన్నాడు.

ప్రకాశం జిల్లా వాడికి వేరియబుల్ వోల్టేజి గురించి పాఠం! మా ఇంట్లో ఫ్యాను ఎవరూ చక్రం తిప్పకుండానే ఐదు రకాల వేగాల్లో తిరుగుతుంది. చేలో మోటారు ఒకరోజు నీళ్లు పోస్తుంది, ఒకరోజు మూలుగుతుంది, ఒకరోజు కాలుతుంది. ఫ్రిజ్ కొంటే స్టెబిలైజరు, టీవీ కొంటే స్టెబిలైజరు, పెళ్లిలో అల్లుడికి పెట్టే సామాన్లలోనూ స్టెబిలైజరు. మారని వోల్టేజి ఇచ్చే వస్తువేదైనా ఉంటే తెచ్చిపెట్టు నాయనా, ఊరేగిస్తాం. మారే దానికి ఎదురు డబ్బులివ్వడం ఏందబ్బా?

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మరుసటి ఆదివారం టంగుటూరు దగ్గర మా ఊరికి పోతూ దీన్ని వెంట తీసుకెళ్లాను. అరుగు మీద పెట్టడమే నేను చేసిన తప్పు. పావుగంటలో పదిమంది చేరారు.

ముందు మోటార్లు రివైండింగ్ చేసే మా బావ అందుకున్నాడు. కళ్లజోడు పైకెత్తి, కాయిల్ కంటికి ఆనించి చూసి, "ఎన్ని చుట్లు?" అన్నాడు. మా వాడికి తెలియదు. "పోనీ రెసిస్టెన్సు ఎన్ని ఓమ్స్?" అన్నాడు. "రెండు" అన్నాడు మా వాడు బింకంగా. అంతే, మా బావ సున్నం రాలిన గోడ మీద మేకుతో లెక్క గీశాడు. 3.7 వోల్టుల దగ్గర దాదాపు 6.8 వాట్లు. 4.8 దగ్గర 11.5 వాట్లు. "వోల్టేజి 30 శాతం పెంచితే వేడి 70 శాతం పెరుగుద్దిరా! ఇది కొత్తోళ్ల చేతికిచ్చే వస్తువా? దూది ఆరిందంటే మాడి చస్తది." ఈ మాట మాత్రం అక్షరాలా నిజం. దూది ఎండిపోయి తీగ మాడితే ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. శవాలు చెడిపోకుండా వాడే ఫార్మాలిన్ తయారయ్యేది దాంతోనే. మా బావకు ఆ పేరు తెలియదు గానీ, మాడిన కాయిల్ వాసన మీద ఆయనది మాత్రం 25 ఏళ్ల సర్వీసు.

రిటైరైన లైన్‌మన్ ఒకాయన సింగిల్ ఫేజా త్రీ ఫేజా అని అడిగాడు. ఎర్తింగ్ ఎక్కడన్నాడు. నోటితో పీల్చే వస్తువుకు ఎర్తింగ్ లేకపోవడం నేరమని తేల్చి, దాన్ని ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మా అత్తమ్మ లోపల్నుంచి వచ్చి, వాసన చూసి, అందులో సాంబ్రాణి పోయొచ్చా అని అడిగింది. దేవుడి గదిలో బొగ్గులు రాజేసే పని తప్పుతుందని ఆవిడ ఆశ. అంతమందిలో ఆ వస్తువుకు ఒక గౌరవప్రదమైన ఉపయోగం ఆలోచించింది ఆవిడొక్కతే.

మూలన మంచం మీద పెద్దాయన ఉన్నాడు. పచ్చి పొగాకును వేడి పెట్టి ఆరబెట్టే గదులు, అంటే బ్యారన్ల దగ్గర 40 ఏళ్లు క్యూరింగ్ చేసిన మనిషి. ఆకు పండబెట్టేటప్పుడు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మొదలుపెట్టి, ఐదారు రోజుల్లో మెల్లమెల్లగా 160 దాకా తీసుకెళ్లాలి. తొందరపడి పెంచితే రంగు పోతుంది, రంగు పోతే వేలం కేంద్రంలో గ్రేడు పోతుంది, గ్రేడు పోతే "నో బిడ్" అని బేలు మళ్లీ ట్రాక్టరెక్కి ఇంటికొస్తుంది. చివర్లో ఎండుటాకు ఒక్కటి జారి పొయ్యి వేడి గొట్టం మీద పడిందా, బ్యారన్ మొత్తం తగలబడుతుంది. ఈయన రాత్రిళ్లు నిద్రపోకుండా, థర్మామీటరు చూసుకుంటూ, ఆ పొయ్యి ముందు ఊపిరితిత్తులు ఆరబెట్టుకున్నవాడు. పరికరాన్ని అరచేతిలో పెట్టుకుని, వేడి చూసి, "ఇంత చిన్న బ్యారనా!" అన్నాడు.

"తాతా, ఇందులో ఆకు ఉండదు. ఉత్త నికోటినే" అన్నాడు మా వాడు.

పెద్దాయన దగ్గి, దగ్గు తగ్గాక అన్నాడు: "ఇన్నేళ్లూ ఆకులో మేం అమ్మింది ఇంకేందిరా అబ్బయ్యా?"

మా వాడు దానికి జవాబు చెప్పకుండా ఇంగ్లండు కబుర్లలోకి వెళ్లిపోయాడు. అక్కడ ప్రభుత్వమే సిగరెట్ మానేవాళ్లకు 10 లక్షల స్టార్టర్ కిట్లు ఇస్తామని 2023లో ప్రకటించిందట. ప్రకటించింది, నిజమే. అదే దేశం 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే రకం వేప్‌ల అమ్మకాన్ని నిషేధించింది. ఎందుకయ్యా అంటే ఒకటి చెత్త, రెండు పిల్లలు. ఈ నిషేధం ముక్క మా వాడి ఫోన్‌లోకి ఎందుకో రాలేదు.

ఇక మన దేశం సంగతి. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం. ఈ వస్తువును తయారు చేయడం, దిగుమతి చేయడం, అమ్మడం, పంచడం, ప్రకటన ఇవ్వడం, అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా, 50 వేల దాకా. మా మేనల్లుడు వెళ్లిన రోజు మా ఆవిడ ఆ పెట్టెను బియ్యం డబ్బాలో దాచింది. నాకు అందకూడదని ఆవిడ ఉద్దేశం. నిల్వ కాబట్టి కేసు ఆవిడ మీదే పడుతుంది. ఈ విషయం ఇంకా ఆవిడకు చెప్పలేదు, సమయం చూసి చెప్పాలి.

సిగరెట్ కొనడానికి మాత్రం ఎవరి భయమూ అక్కర్లేదు. పొగాకు పండించడానికి బోర్డుంది, 1976 నుంచి ఉంది, గుంటూరులో ఆఫీసుంది. వేలం కేంద్రాలు మా చుట్టూనే ఉన్నాయి, ఒంగోలులో, టంగుటూరులో, కొండపిలో, కందుకూరులో. రైతు బ్యారన్‌కు లైసెన్సు, పంటకు కోటా, అమ్మకానికి వరస. ఆకును కాపాడటానికి ఇంత పెద్ద ఏర్పాటు ఉంది. తాగేవాణ్ణి కాపాడటానికి పెట్టె మీద ఒక బొమ్మ ఉంది. పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ, దాని కింద మానాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 అని ఉచిత నంబరు. చాలా మంచి ఏర్పాటు. కానీ మా వీధి బంకులో పెట్టె కొనేవాడు ఎవడు? అందరూ విడిగా ఒకటి, రెండు కొంటారు. బొమ్మా నంబరూ బంకు వాడి దగ్గరే ఉంటాయి. 30 ఏళ్లలో ఆ నంబరు నేను సరిగ్గా చదివింది మానేసిన రోజునే, కాలవలో పెట్టె వెల్లకిలా తేలుతుంటే.

ఇదంతా ఎలాగోలా నవ్వుకోవచ్చు. మా మేనల్లుడి పెట్టెలో పరికరంతో పాటు మూడు చిన్న సీసాలున్నాయి. నేను మొదట చూడలేదు. మామిడి. పుచ్చకాయ. బబుల్‌గమ్.

బబుల్‌గమ్ ఏంది? 30 ఏళ్లు పొగ తాగి, పొగతోటకు పోయి, ఎక్స్‌రే తీయించుకున్న మనిషి ఎవడైనా, ఎప్పుడైనా, ఎక్కడైనా, బబుల్‌గమ్ వాసన కావాలని అడిగాడా? నాకు కావలసింది పొగాకు వాసన. దానికోసమే కదా రాత్రిళ్లు నిద్ర పట్టక చచ్చేది! ఆ సీసా నాకోసం చేసింది కాదు. ఆ చక్రం నాకోసం పెట్టింది కాదు. "కింద నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుకోవాలి" అన్న పాఠం నాకు కాదు, నేను 30 ఏళ్ల కిందటే పైదాకా పెంచేసుకున్నాను.

మా పై వాటాలో ఒక పిల్లాడున్నాడు. తొమ్మిదో తరగతి. మొన్న వాళ్లమ్మ కిందికొచ్చింది. వాడి పుస్తకాల సంచిలో దొరికిందని రంగురంగుల ప్లాస్టిక్ ముక్క ఒకటి కొంగులోంచి తీసి చూపించింది. "అన్నా, ఇదేదో గీతలు గీసే పెన్నంట. రాయడం లేదు. మీకు తెలుసేమోనని" అంది. నాకు తెలుసు. దానికి చక్రం లేదు, వోల్టేజి గోల లేదు, చదవాల్సిన పాఠం లేదు. నోట్లో పెట్టుకుని పీలిస్తే చాలు. నాకంటే వాడికే తేలిగ్గా ఉండేలా చేశారు. ఫోన్‌లో మెసేజ్ పెడితే సాయంత్రానికి బండి మీద తెచ్చిస్తారట, ట్యూషన్ దగ్గరికే.

బిగినరంటే ఎవరో నాకు అప్పుడు తెలిసింది. ఒరే, ఈ పని చేసేవాళ్లకు సిగ్గుందా? బడికి 100 గజాల్లోపు పొగాకు అమ్మకూడదని 2003లోనే చట్టం చేశారు. మా వీధి బడి గేటు నుంచి బంకుకు నేను అడుగులేసి కొలిచాను, 34 అడుగులు, అదీ నా మోకాలి నొప్పితో వేసిన అడుగులు. దాన్నే తీయించలేనివాళ్లు ఫోన్‌లో అమ్మేవాణ్ణి పట్టుకుంటారా? నా తరం పోయింది, పోనీ. మమ్మల్ని పొగతోటకు పంపి సంపాదించింది చాలదా? పాత గిరాకీ చస్తున్నాడని తెలిసి, 14 ఏళ్ల వాడికి పుచ్చకాయ పూసి పెడతారా? దాన్ని నా చేతిలో పెట్టి, నువ్వు బాగుపడటానికే అని చెప్తారా?

ఆవిడకు ఏం చెప్పాలో తెలియక, అది పెన్ను కాదమ్మా అని మాత్రం చెప్పాను. మిగతాది చెబుతుంటే ఆవిడ మొహం చూడలేకపోయాను. పైకి వెళ్లాక చాలాసేపు ఏ చప్పుడూ వినపడలేదు.

ఇది కార్తీక మాసం. నిన్న సాయంత్రం కరెంటు వోల్టేజి పడిపోయి మెట్ల దగ్గర బల్బు ఎర్రగా మిణుకుమంటోంది. నేను బుగ్గన గమ్ పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్లాడు ట్యూషన్ నుంచి వచ్చి, "నమస్తే అంకుల్" అని గబగబా మెట్లెక్కిపోయాడు. వాడు పోయాక మెట్లన్నీ మామిడిపండు వాసన.